ఏడుపు ఆపించడం, ఊరడించడం ఒకటేనా?

జూన్ నెలాఖరులో ఒక సాయంత్రం కాలేజీ నుంచి ఇంటికొస్తుంటే మెట్ల దగ్గరికే మావాడి ఏడుపు వినిపించింది. వాడికి నాలుగేళ్లు. తలుపు తీసి చూస్తే అమ్మ వాడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒక చేత్తో వీపు నిమురుతోంది, ఇంకో చేత్తో నోరు మూసి పట్టుకుని ఉంది. "ఉష్... ఎవరన్నా వింటార్రా, ఊరుకో" అంటోంది.

హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాట్ అది. పక్కింట్లో ఒక సాఫ్ట్‌వేర్ జంట, ఎదురింట్లో రిటైరైన బ్యాంకు ఉద్యోగి. "ఎవరు వింటారమ్మా? వింటే ఏమవుద్ది?" అని అడిగాను. అమ్మ చెయ్యి తీసేసింది. జవాబు చెప్పలేదు. ఆ రాత్రి వంటింట్లో గిన్నెలు సర్దుతూ తనే ఎత్తుకుంది ఆ మాట. "నీకు గుర్తుందో లేదో, నీ నోరు కూడా ఇట్టాగే మూశా ఒకసారి."

గుర్తు లేకపోవడమేమిటి! నాకున్న తొలి జ్ఞాపకాల్లో అదొకటి. 1993 ఫిబ్రవరి, మిరప కోతల కాలం. ఆసామి ఇంటి వాకిట్లో ఎండు కాయలకు తొడిమలు తీసే పనికి అమ్మ నన్ను వెంటబెట్టుకెళ్లింది. దాహమేసి అరుగు మీదున్న ఇత్తడి చెంబు ముట్టుకున్నాను. లోపలి నుంచి ఆ ఇంటావిడ వేసిన కేకకి బిత్తరపోయి ఏడుపు లంకించుకున్నాను. అమ్మ పరుగున వచ్చి వీపు మీద రెండు దెబ్బలేసి, అరచేత్తో నా నోరు నొక్కేసింది. పొద్దుటి నుంచీ మిరపకాయల్లో మునిగిన చెయ్యి అది. పెదాలు, ముక్కు, కళ్లు భగ్గుమన్నాయి. ఏడుపు ఎక్కువైంది, చెయ్యి ఇంకా గట్టిగా బిగిసింది.

ముప్పై ఏళ్లు దాటాక ఆ రాత్రి అమ్మ చెప్పింది: "నిన్ను కొట్టింది ఆయమ్మ చూడాలనే. నేను కొట్టకపోతే ఆయన బయటికొచ్చి కొడతాడు. నా దెబ్బయితే ఎంత తగులుద్దో నాకు తెలుసు గదా."

అప్పటికి కారంచేడు జరిగి ఏడున్నరేళ్లు, చుండూరు జరిగి ఏడాదిన్నర. 1985 జులైలో కారంచేడులో గొడవ మొదలైంది మాదిగలు తాగే నీళ్ల దగ్గరే. 1991 ఆగస్టులో చుండూరులో ఊచకోతకు ముందు రాజుకున్న తగవుల్లో సినిమా హాల్లో కాలు తగలడం ఒకటి. అలాంటి కాలంలో, అలాంటి జిల్లాల్లో, నాలుగేళ్ల పిల్ల చెంబు ముట్టుకుని గట్టిగా ఏడిస్తే అది వట్టి పిల్ల ఏడుపుగా ఉండిపోతుందని ఏ మాదిగ తల్లి నమ్మగలదు? అమ్మ నన్ను ఊరడించలేదు, దాచిపెట్టింది. ఇన్నేళ్ల తర్వాత నా కొడుకుని కూడా అలాగే దాచిపెడుతోంది, దాచాల్సిన అవసరం లేని చోట.

ఇంతకీ వాడెందుకు ఏడుస్తున్నాడు? ఆ మధ్యాహ్నం ప్లేస్కూల్ నుంచి నాకొక వాట్సాప్ మెసేజ్ వచ్చింది. బాబు లంచ్ టైంలో బాగా అగ్రెసివ్ అయ్యాడనీ, బాక్స్ విసిరేశాడనీ, పది నిమిషాలు "కామ్ డౌన్ కార్నర్"లో కూర్చోబెట్టామనీ, ఇంట్లో కూడా బ్రీతింగ్ ప్రాక్టీస్ చేయించమనీ. చివర్లో నవ్వు బొమ్మ. క్లాసులో ఉండి చదివాను, సిగ్గేసింది. మొదట వచ్చింది సిగ్గే అని ఒప్పుకోవాలి. మావాడేదో తప్పు చేశాడనే అనుకున్నాను. సోషియాలజీ పాఠం చెప్తూ కూడా మొదట అలాగే అనుకున్నాను.

వాడి నుంచి సంగతి రాబట్టడానికి రెండు రోజులు పట్టింది. నాలుగేళ్ల పిల్లలు జరిగింది వరసగా చెప్పరు. స్నానం చేసేటప్పుడు ఒక ముక్క, నిద్రకి ముందు ఒక ముక్క. అమ్మ ఆ రోజు ఇష్టంగా గోంగూర, ఎండు రొయ్యలు వండి పెట్టింది. పక్క పిల్లవాడు ముక్కు మూసుకుని "ఛీ, కంపు" అన్నాడు. ఇంకో ఇద్దరు అందుకున్నారు. టీచర్ వచ్చి మావాడి బాక్స్ మూత పెట్టి, మిగతా పిల్లలకి ఇబ్బంది లేకుండా అని వేరే టేబుల్ దగ్గర కూర్చోమంది. అప్పుడు విసిరేశాడు బాక్స్. ఆ తర్వాత మూల. ఆ మూలలో ఒక మెత్తటి దిండు, గోడ మీద ఒక పువ్వు బొమ్మ, ఒక కొవ్వొత్తి బొమ్మ. పువ్వు వాసన పీల్చు, కొవ్వొత్తి ఊదు. పీల్చాడు, ఊదాడు. కుదుటపడ్డాడు కూడా.

ఆ టీచర్‌ని దుర్మార్గురాలిగా చూపించడం నా ఉద్దేశం కాదు. పాతికేళ్లు కూడా లేని అమ్మాయి, ఇరవై అయిదు మంది పిల్లలు, చాలీచాలని జీతం. శిక్షణలో నేర్పింది నేర్పినట్టు చేసింది. మా చిన్నప్పుడైతే బెత్తం ఉండేది, గోడకుర్చీ ఉండేది. ఆ లెక్కన దిండు చాలా నయం. ఊపిరి పద్ధతిలోనూ తప్పు లేదు. నెమ్మదిగా, పొడుగ్గా గాలి వదిలితే గుండె వేగం తగ్గుతుంది, అది శరీర ధర్మం. నేనూ చేయిస్తాను. కాకపోతే నా కొడుకు ఆ రోజు నేర్చుకున్న పాఠం వేరు. నన్ను వేరే కూర్చోబెడితే, నేను చెయ్యాల్సింది గాలి పీల్చుకోవడం.

పిల్లల ఉద్రేకాల గురించి మనకు తెలిసిన శాస్త్రం కొంత ఇక్కడ చెప్పాలి. మెదడులో ప్రమాదాన్ని పసిగట్టి గంట కొట్టే భాగం, అమిగ్డలా, పుట్టినప్పటి నుంచే పని మొదలుపెడుతుంది. ఆ గంటని అదుపు చేసే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ పూర్తిగా ఎదిగేసరికి ఇరవై ఏళ్లు దాటతాయి. అంచేత నాలుగేళ్ల పిల్లని "కంట్రోల్ చేసుకో" అనడం, నడక రాని పిల్లని మెట్లెక్కమనడం లాంటిదే. ఆ వయసులో కుదురు బయటి నుంచి రావాలి. పక్కనున్న పెద్ద మనిషి గొంతు, ఒళ్లు, ఊపిరి, ముఖం నుంచి పిల్ల దాన్ని అరువు తెచ్చుకుంటుంది. దీనికి కో-రెగ్యులేషన్ అని పేరు పెట్టారు. మా పల్లెలో పేరు లేకుండానే ఉండేది. ఏడ్చే పిల్ల ఎవరి చంకకి దగ్గరైతే వాళ్ల చంకనెక్కేది. అత్తో, పెద్దమ్మో, బళ్లోంచి అప్పుడే వచ్చిన పక్కింటి అక్కో ఎత్తుకునేది. అదే పల్లెలో తాగొచ్చిన నాన్నలూ ఉన్నారు, కూలి డబ్బుల కోపం పిల్లల వీపు మీద చూపించిన అమ్మలూ ఉన్నారు. రెండూ చూస్తూ పెరిగాను కాబట్టి రెండూ చెప్తున్నాను.

పిల్లల నిగ్రహం గురించి సైకాలజీలో అందరికీ తెలిసిన ప్రయోగం వాల్టర్ మిషెల్ స్టాన్‌ఫోర్డ్‌లో చేసింది. ముందు ఒక మిఠాయి పెట్టి, నేను వచ్చేదాకా తినకుండా ఆగితే రెండోది ఇస్తానని చెప్పి వెళ్లడం. ఆగిన పిల్లలు పెద్దయ్యాక బాగా చదివారని తర్వాత తేల్చారు. ఇక చూడండి, నిగ్రహమే భవిష్యత్తు అని మన దాకా కార్పొరేట్ స్కూళ్ల బ్రోచర్లు, మోటివేషన్ ఉపన్యాసాలు. 2018లో వాట్స్, డంకన్, క్వాన్ అనే పరిశోధకులు ఇంకా ఎక్కువ మంది పిల్లలతో, ఇంటి స్థితిగతులు కూడా లెక్కలోకి తీసుకుని చూస్తే ఆ సంబంధం చాలా వరకూ కరిగిపోయింది. దానికంటే నాకు ఇష్టమైనది రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో సెలెస్ట్ కిడ్, ఆమె సహచరులు చేసి 2013లో ప్రచురించిన చిన్న ప్రయోగం. 28 మంది పిల్లలు. మిఠాయి కంటే ముందు, మంచి రంగులు తెచ్చిస్తానని ఒక పెద్ద మనిషి మాటిచ్చాడు. సగం మందికి తెచ్చిచ్చాడు. మిగతా సగానికి "లేవు, సారీ" అన్నాడు. ఆ తర్వాత మిఠాయి పెట్టారు. మాట నిలబెట్టుకున్న చోట పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన చోట 3 నిమిషాలు.

నాకు ఈ లెక్క చదివినప్పుడల్లా మా పల్లెలో భోజనాల వరసలు గుర్తొస్తాయి. ఊరి పెళ్లిళ్లలో చివరి పంక్తి దాకా ఆగితే మాకు మిగిలేదేమిటో ప్రతి పిల్లకీ తెలుసు. అక్కడ మిఠాయి కనబడగానే తినేసిన పిల్లకి నిగ్రహం లేదందామా, లెక్క బాగా తెలుసందామా?

ఎవరి కోపం కోపంగా కనబడుతుంది, ఎవరిది "బిహేవియర్ ప్రాబ్లం"గా కనబడుతుంది అన్నది ఇంకో సంగతి. 2016లో యేల్ చైల్డ్ స్టడీ సెంటర్‌లో వాల్టర్ గిలియమ్ బృందం ప్రీస్కూల్ టీచర్లకి కొన్ని వీడియోలు చూపించి, అల్లరి ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టమంది. ఆ వీడియోల్లో ఏ పిల్లా అల్లరి చెయ్యలేదు. టీచర్ల కళ్లు మాత్రం నల్లజాతి మగపిల్లవాడి మీదే ఎక్కువసేపు నిలిచాయి. టీచర్లలో తెల్లవాళ్లున్నారు, నల్లవాళ్లూ ఉన్నారు. మన దగ్గర ఉత్తరప్రదేశ్‌లో కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఆరు, ఏడు తరగతుల మగపిల్లలతో కాగితం మీద చిక్కుదారులు వేయించారు. కులం బయటికి చెప్పనప్పుడు దళిత పిల్లలు అగ్రకుల పిల్లలతో సమానంగా చేశారు. అందరి ముందూ పేరుతో పాటు కులం చదివాక చెయ్యలేకపోయారు. చేతులూ, పెన్సిళ్లూ, చిక్కుదారులూ అవే.

అంబేడ్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' మనందరం చదివిందే. ఈసారి తల్లిగా మళ్లీ చదివాను. తను కూర్చునే గోనెపట్టా రోజూ ఇంటి నుంచి మోసుకెళ్లి మళ్లీ ఇంటికి తెచ్చుకునే పిల్లవాడు. ప్యూన్ వచ్చి కుళాయి తిప్పకపోతే దాహం తీరని పిల్లవాడు. 1901 ప్రాంతంలో, తొమ్మిదేళ్ల వయసులో, కోరేగావ్‌లో పనిచేస్తున్న తండ్రి దగ్గరికి అన్నతో, అక్క కొడుకులతో రైల్లో బయల్దేరారు. మసూర్ స్టేషన్లో దిగితే ఎవరూ రాలేదు. మహార్లమని చెప్పగానే అప్పటిదాకా మర్యాదగా మాట్లాడిన స్టేషన్ మాస్టర్ ముఖం మారిపోయింది. రెట్టింపు బాడుగ ఇస్తామన్నాక, పిల్లలే బండి తోలుకునే షరతు మీద ఒక బండి దొరికింది. పక్కన అన్నం ఉంది, తాగడానికి నీళ్లు దొరక్క తినకుండానే పడుకున్నారు. ఇది చదివేటప్పుడు మనం ఎప్పుడూ అస్పృశ్యత చరిత్ర చదువుతున్నట్టు చదువుతాం. ఆ రాత్రి ఆ పిల్లలు ఎంత భయపడి ఉంటారో, ఎవరిని ఎవరు పట్టుకుని పడుకున్నారో అని నాకు ఇంతవరకూ తోచలేదు. తోచనందుకు నా మీద నాకే కోపం వచ్చింది. మనకి బాబాసాహెబ్ ఎప్పుడూ సూటు వేసుకున్న పెద్ద మనిషే.

మావాడి స్కూలు గోడ మీద ఒక చార్టు ఉంది. అయిదు ముఖాలు. హ్యాపీ, సాడ్, యాంగ్రీ, స్కేర్డ్, కామ్. పొద్దున్నే పిల్లలు తమ ముఖం ఏదో చూపించాలి. ఆలోచన మంచిదే. కాకపోతే మన భాషలో ఎన్ని మాటలున్నాయి! బెంగ, దిగులు, ఉక్రోషం, రోషం, మారాం, ఉడుకుమోత్తనం. ఎవరైనా నలుగురిలో తీసిపారేస్తే కలిగే దానికి మనకొక మాట ఉంది, చిన్నబోవడం. మనిషి ముఖం, మనిషి, చిన్నదైపోవడం. ఆ రోజు మావాడికి వచ్చింది కోపం కాదు. చిన్నబోయాడు. ఆ ముఖం చార్టులో లేదు.

అలక అని ఇంకో మాట. అలగాలంటే బతిమాలేవాళ్లుండాలి. సత్యభామ అలిగితే నంది తిమ్మన కావ్యమే రాశాడు. పెళ్లికొడుకు అలగడానికైతే అలకపాన్పు అని ఒక తంతే ఉంది, మామగారు బండో ఉంగరమో చదివించుకోవాలి. ఆసామి వాకిట్లో కూలికెళ్లిన తల్లి వెంట వచ్చిన పిల్లకి అలక ఎక్కడిది?

ఇప్పుడు మా ఇంట్లో ఏం చేస్తున్నామో చెప్తాను. గొప్పగా చేస్తున్నామని కాదు. మొదట నేను నోరు మూసుకుంటాను. వాడు పేలిపోతున్నప్పుడు నేను చెప్పే ఏ మాటా వాడి చెవికెక్కదు, నా గొంతులోని విసురు మాత్రమే ఎక్కుతుంది. కింద కూర్చుంటాను, వాడి కళ్ల ఎత్తుకి. రమ్మంటాను, రాకపోతే పక్కనే ఉంటాను. కొడితే చెయ్యి పట్టుకుంటాను, కొట్టనివ్వను. అంత వరకూ హద్దు గట్టిదే. తగ్గాక నీళ్లు. ఆ తర్వాతే మాటలు, అవి కూడా రెండు మూడు. "నిన్ను వేరే కూర్చోబెట్టారు. చిన్నబోయావు. అట్లా చెయ్యడం తప్పు, నీ తప్పు కాదు. బాక్స్ విసిరితే పక్కవాళ్లకి తగులుద్ది, అది చెయ్యొద్దు." ఈ నాలుగు వాక్యాల్లో మూడోది లేకపోతే మిగతా మూడూ ఎటు పోతాయో నాకు తెలుసు, మిరపకాయల చెయ్యి దగ్గరికి.

ప్రతి ఏడుపు వెనకా కులం ఉందని అనను. నిన్న మావాడు పావుగంట గుక్కపట్టి ఏడ్చాడు, పాలు ఎర్ర గ్లాసులో పోశానని. నీలం గ్లాసులోకి మార్చి పోస్తే, అవి ఎర్ర గ్లాసు పాలేనని మళ్లీ ఏడ్చాడు. దానికి సిద్ధాంతమేమీ లేదు, నిద్ర చాల్లేదంతే. పదింట తొమ్మిది అలాంటివే. ఆ పదోది ఏదో తెలుసుకోవడానికి మాత్రం ఎవరో ఒకరు ఆగి అడగాలి. అమ్మకి ఆగే అవకాశం కూలి ఇవ్వలేదు. స్కూలుకి ఆగే అవకాశం టైంటేబుల్ ఇవ్వడం లేదు.

2022 అక్టోబరులో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, 3 నుంచి 8 ఏళ్ల పిల్లల కోసం తెచ్చింది, భావోద్వేగ వికాసానికి చాలా చోటే ఇచ్చింది. అది సంతోషమే. పిల్లల వికాసాన్ని వివరించడానికి అందులో పంచకోశాలని తెచ్చారు, తైత్తిరీయోపనిషత్తు నుంచి. అన్నమయం, ప్రాణమయం, మనోమయం... ఏ గ్రంథం చెవిన పడటానికి కూడా మా తాతముత్తాతలు పనికిరారన్నారో, అందులోంచి మా పిల్లల మనసుకి పటం గీస్తున్నారు. పక్కవాడు ముక్కు మూసుకున్నప్పుడు కలిగేది ఏ కోశానికి చెందుతుందో టీచర్‌కి ఎవరు చెప్తారు? పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు అని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెప్తుంది. ఆ చట్టంలో బిడ్డ అంటే 6 నుంచి 14 ఏళ్ల మధ్య బిడ్డ. నాలుగేళ్లవాడికి ఇంకా రెండేళ్లు టైముంది.

ఇది చదివే విద్యార్థులకి ఈ మూల కొత్తదేమీ కాదు. రోహిత్ వేముల తన చివరి ఉత్తరంలో బాల్యంలోని ఒంటరితనం ప్రస్తావన తెచ్చాడు. మనం ఆ ఉత్తరంలో నక్షత్రాల గురించి మాట్లాడినంత ఆ ఒంటరితనం గురించి మాట్లాడలేదు. ఒక చావు జరిగినప్పుడల్లా క్యాంపస్‌లలో కౌన్సెలింగ్ సెల్ పెడతారు, ధ్యానం వర్క్‌షాప్ పెడతారు. కోటాలో 2023లో హాస్టల్ ఫ్యాన్లకి స్ప్రింగులు పెట్టమన్నారు. కౌన్సెలర్ అవసరమే, నేను నా విద్యార్థుల్ని పంపిస్తుంటాను. కానీ వైవాలో ఇంటిపేరు అడిగిన ప్రొఫెసర్‌ని ఎవరూ ఏ మూలా కూర్చోబెట్టరు. ఊపిరి పీల్చుకోవాల్సింది మళ్లీ ఆ పిల్లే.

స్కూలుకి వెళ్లాను. టీచర్‌తో విడిగా మాట్లాడితే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తను కూడా హాస్టల్లో ఇలాగే వేరే కూర్చుని తిన్నదట. ఎందుకో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మేనేజ్‌మెంట్ మాత్రం మిగతా పేరెంట్స్ సెంటిమెంట్స్ గురించి చాలాసేపు చెప్పింది. బాక్సుల్లో నాన్‌వెజ్ వద్దని రూల్ పెడితే అసలు గొడవే ఉండదు కదా అంది. పిల్లలందరినీ కూర్చోబెట్టి ఎవరింట్లో ఏం వండుతారో చెప్పించండి, ముక్కు మూసుకున్న పిల్లవాడితో కూడా ఎవరైనా కూర్చుని మాట్లాడండి, వాడికీ నాలుగేళ్లే, వాడెక్కడో నేర్చుకునే వచ్చాడు అన్నాను. ఆలోచిస్తామన్నారు. వచ్చే శనివారం పేరెంట్స్ మీటింగ్. ఇంకో ఇద్దరు తల్లులు నాతో పాటు మాట్లాడతామన్నారు.

అమ్మ ఈ ఆదివారం ఊరెళ్లాల్సింది. ప్రయాణం మానుకుంది, మీటింగ్‌కి తనూ వస్తానంటోంది. నన్ను చదివించిన పదిహేనేళ్లలో ఒక్కసారి కూడా బడి గేటు దాటి లోపలికి రాలేదావిడ.

"వచ్చి ఏమంటావమ్మా?" అని అడిగాను.

"ఏమీ అనను. వాడి పక్కన కూచుంటా."